తీగెమీది కొలువు, సుగ్గిబాటలోని కూలి

ఇంటనుండియే ఉద్యోగము చేయు పద్ధతిని, విశేషించి స్త్రీలకొరకు, రాష్ట్రమంతట వ్యాపింపజేయ సంకల్పించితిమని ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబునాయుడుగారు 2025 ఫిబ్రవరి నెలలో ప్రకటించిరి. సమాచార సాంకేతిక సంస్థలకై ప్రభుత్వమువారు ఏర్పరచిన 4.0 విధానము ననుసరించి నగరములందును, పట్టణములందును, మండలములందును కార్యాలయ వసతులు నిర్మించువారికి ప్రోత్సాహకములు లభించుననియు వారు తెలిపిరి. ఈ ప్రకటనలో మాకు ప్రియమైన మాట ‘మండలము’ అనునది. ఆ మాట విశాఖపట్టణపు సముద్రతీరముకడను, అమరావతి రాజవీథులకడను నిలిచిపోవునా, లేక కర్నూలు జిల్లా పడమటి అంచున నున్న ఆదోని, ఎమ్మిగనూరులకును, వాని చుట్టునున్న కోసిగి, కౌతాళము, పెద్దకడబూరు, మంత్రాలయము మండలములకును చేరునా యని విచారించుటయే నేటి మా యుద్దేశము.

ఈ పద్ధతి లోకమున ఎంతదూరము పోయినదో తెలిసికొనుటకు ఒక్కమారు మధ్యధరా సముద్రతీరమును చూడవలసియున్నది. స్పెయిను దేశమున బార్సిలోనా, వాలెన్సియా, మాలగా మున్నగు నగరములలో కడలి కెదురుగా నున్న కాఫీ హోటళ్లయందు లాప్‌టాప్ తెరచుకొని కూర్చుండు పరదేశీయులు పెక్కురు. యజమాని లండనునందో న్యూయార్కునందో యుండును. జీతము అచటినుండి వచ్చును. పని తీగెమీద నడచును. మనుష్యుడు మాత్రము ఎండయు గాలియు తనకు నచ్చినచోట నివసించును. ఇది యెవరో కొందరు చాటుమాటుగా చేయు పని కాదు, చట్టసమ్మతమైనది. కరోనా మహమ్మారి వ్యాపించిన 2020లోనే ఎస్తోనియా దేశము ఇట్టివారికై ప్రత్యేక వీసా నేర్పరచెను. క్రొయేషియా, గ్రీసు దేశములు 2021లో ఆ బాట పట్టినవి. స్పెయిను ప్రభుత్వము 2022 డిసెంబరులో 28వ సంఖ్య చట్టమును చేసి, తమ దేశపు కనీస వేతనమునకు రెండురెట్లు ఆదాయము చూపగలిగి, పరదేశ సంస్థలకు దూరమునుండి పనిచేయు వారికి నివాసహక్కు నొసంగెను. ఇటలీ 2024లో అట్లే చేసెను. అర్హతగల భారతీయులకును ఈ ద్వారములు తెరచియే యున్నవి.

కడలియొడ్డున కాఫీ త్రాగుచు పనిచేయు భాగ్యవంతులతో ఆదోని ప్రత్తి యార్డున బోరెము మోయువానికి సంబంధమేమని పాఠకులు ప్రశ్నింపవచ్చును. సంబంధము కలదు. ఒకనికి పనియే తన వెంట వచ్చుచున్నది. మరియొకడు పనివెంట పరుగిడుచున్నాడు. ఈ యుగమున మానవులకు మానవులకు నడుమ ఏర్పడుచున్న క్రొత్త తారతమ్యము ఇదియే. ధనముచేతను, కులముచేతను, భూమిచేతను కలిగిన పాత భేదములకు ఇది యొక క్రొత్త చేర్పు.

ఈ భేదము మన కన్నుల యెదుటనే 2020లో విదితమైనది. ఆ సంవత్సరము మార్చి 25వ తేదీన దేశమంతట లాక్‌డౌన్ విధింపబడగా, బెంగళూరు, హైదరాబాదు నగరములలో సాఫ్ట్‌వేరు ఉద్యోగములు చేయు యువకులు క్రమక్రమముగా స్వగ్రామములకు వచ్చిరి. మిద్దెమీది గదిలో బల్ల వేసికొని కూర్చుండిరి. వారి జీతము నిలిచిపోలేదు. ఆ సమయముననే కర్నూలు పడమటి మండలములనుండి మిరపకాయ కోతకై పోయిన కూలీలు గుంటూరు జిల్లా చేలలో చిక్కుపడి, తినుటకు తిండియు, మరలుటకు బస్సును లేక దినములు లెక్కించిరి. పిల్లలు వెంట, గంపలు నెత్తిన, చేతిలో కూలి చాలక, ప్రభుత్వము బండ్లు పంపువరకు వారు కాచుకొనియుండిరి. ఇరువురును ఆంధ్రులే, ఒకే తాలూకావారు, ఒకే యూరివారును కావచ్చును. ఒకరి రాకయందు పండుగ కనబడెను. ఇంకొకరి రాక పునర్జన్మమే యయ్యెను.

ఆ ప్రాంతపు జనులు ఈ వలసను ‘సుగ్గి’ యందురు. కన్నడభాషలో సుగ్గి యనగా కోతకాలపు పండుగ. సరిహద్దున నున్న ఈ తాలూకాలలో ఆ మాటకు కలిగిన అర్థభేదమును చూచినచో మనస్సు చివుక్కుమనును. ఇతరుల చేను పండి కోతకు వచ్చిన కాలమే వీరికి ఇల్లు విడుచు కాలము. వర్షాధారపు నేల, తుంగభద్ర దిగువకాలువ పేరునకు దగ్గరనే యున్నను, నీరు చివరి పొలములకు చేరుట ఏటేట సందేహమే. 2024 ఆగస్టులో తుంగభద్ర జలాశయపు 19వ గేటు కొట్టుకొనిపోయినపుడు ఈ ఆయకట్టు రైతుల గుండె లెంత కొట్టుకొన్నవో అందరికిని తెలియును. తమ ప్రత్తి, వేరుసెనగ పనులు ముగియగనే కుటుంబములు తాళము వేసికొని గుంటూరు మిరపచేలకును, తెలంగాణపు ప్రత్తిచేలకును, బెంగళూరు కట్టడములకును తరలిపోవును. ఉగాది సమీపించువరకు పెక్కు గ్రామములలో ముసలివారును, పసులును మాత్రమే మిగులుదురు. పిల్లలకొరకు ప్రభుత్వము వలసకాలపు వసతిగృహములను నడపుచున్నది; ఐనను తలిదండ్రులతో పోయి చదువు చెడగొట్టుకొను పిల్లలు తక్కువవారు కారు. కోసిగి వంటి మండలములలో స్త్రీల అక్షరాస్యత రాష్ట్రమున మిక్కిలి వెనుకబడియుండుటకు ఈ బాటయు నొక కారణము.

చట్టము వీరికి చేసిన మేలు స్వల్పము. వలస కార్మికులకై 1979లో కేంద్రము చేసిన చట్టము ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు పోవువారికి మాత్రమే వర్తించెను. ఆదోనినుండి బళ్లారికి పోయినవాడు వలస కార్మికుడు. ఆదోనినుండి అంతకు ఎన్నోరెట్ల దూరమున నున్న గుంటూరునకు పోయినవాడు చట్టము దృష్టిలో కాడు! సరిహద్దు గీత దాటినంతనే కలుగు రక్షణ, నాలుగువందల కిలోమీటర్ల పయనముచేత కలుగకపోవుట విడ్డూరము కాదా?

ఇట్టి సీమలో ఇంటనుండి పని యను మాట క్రొత్తది యనుకొనుట పొరపాటు. ఎమ్మిగనూరు నేతగాండ్రు తరతరములుగా ఇంటనుండియే పనిచేసిరి. నట్టింట గుంటమగ్గము, దానిలో కాళ్లుంచి తొక్కుచు ఇంటియజమాని నేయును, ఇల్లాలు కండెలు చుట్టును, పిల్లలు నూలు విడదీయుదురు. పడుగు సావుకారుది, పేక సావుకారుది, నేసిన బట్టయు సావుకారుదియే. నేతగానిది ఇల్లు, ఇంటిల్లిపాది చేతులు, కడుపున నున్న ఆకలి. వర్షాకాలమున గుంటలో నీరూరి మగ్గము నిలిచినచో ఆ నష్టము సావుకారుది కాదు. ఇంటి అద్దె, దీపపు నూనె, ఇల్లాలి శ్రమ యెవరి లెక్కలోను చేరవు. పని యింటికి వచ్చినది, నిజమే. కాని దానితోపాటు యజమాని భరింపవలసిన భారములన్నియు ఇంటికే వచ్చినవి.

ఈ దుస్థితి తొలగుటకు మార్గము చూపినవారు శ్రీ మాచాని సోమప్పగారు. 1938లో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘము వారి పూనికచే స్థాపింపబడెను. నాడు ఆ యూరు బళ్లారి జిల్లాలోని ఆదోని తాలూకాలోనిది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు ఆ తాలూకా మనతో చేరెను. సంఘము నూలు సరఫరా చేయుటయు, మజూరీ నిర్ణయించుటయు, బట్టను దూరదేశపు విపణులలో అమ్ముటయు తన భారముగా గైకొనగా, వేరువేరు ఇండ్లలో ఒంటరిగా కూర్చున్న నేతగాండ్రకు తోడు లభించెను. భారత ప్రభుత్వము 1954లో సోమప్పగారిని పద్మశ్రీ బిరుదముతో గౌరవించినది. మరమగ్గముల పోటీచేతను, ఇతర కారణములచేతను ఆ సంఘపు పూర్వవైభవము నేడు లేదు. సంఘము బలహీనమైనకొలది నేతగాడు మరల సావుకారు గుమ్మము త్రొక్కవలసివచ్చెను. ఇంటనుండి చేయు పని మేలా కీడా యను ప్రశ్నకు ఎమ్మిగనూరు చరిత్రయే సమాధానము చెప్పుచున్నది: వెనుక సంఘమున్నచో అది స్వాతంత్ర్యము, లేనిచో అది యింటిలోని వెట్టి.

నూలుదారమునకు బదులు నేడు గాజుదారము వచ్చినది. విద్యుత్‌స్తంభముల మీదుగా ఆ తీగెలను పల్లెలకు చేర్చు ఫైబర్‌నెట్ పథకమును 2017 డిసెంబరులో నాటి రాష్ట్రపతి శ్రీ రామనాథ్ కోవిందుగారు ప్రారంభించిరి. ఎమ్మిగనూరికి నేటికిని రైలు లేదు. ఐనను తీగె కలదు. రైలు రానిచోటికి కొలువు రాగలుగుట ఈ కాలపు వింత. కాని దారము మారినంతమాత్రమున ధర్మము మారదు. ఆదోనిలో నొక యువతి తన యింట కూర్చుండి బెంగళూరు కంపెనీకి పనిచేయుననుకొందము. కంప్యూటరు ఎవరు కొనవలెను? కరెంటు బిల్లు ఎవరు చెల్లింపవలెను? కరెంటు పోయిన గంటకు జీతము కోత పడునా? రాత్రి పదిగంటలకు ఫోను మ్రోగినచో ఎత్తకుండుటకు ఆమెకు హక్కు కలదా? పని నచ్చలేదని డబ్బు బిగబట్టినచో ఆమె యెవరితో మొఱపెట్టుకొనవలెను? ఒకటే గది గల యింట, అత్తమామలకు వంటచేసి, బిడ్డనెత్తుకొని చేయు ఎనిమిదిగంటల కొలువు ఆమెకు విమోచనమా, రెండవ కాడియా? ఇవి గుంటమగ్గపు నాటి ప్రశ్నలే.

స్పెయిను దేశమువారు పరదేశీయులకు కాఫీ హోటలు తలుపు తెరచుటకు ముందే తమ సొంత కార్మికులకై ఈ ప్రశ్నలకు జవాబు వ్రాసికొనిరి. 2020 సెప్టెంబరులో అత్యవసర శాసనముగాను, 2021 జూలైలో 10వ సంఖ్య చట్టముగాను దూరమునుండి చేయు పనికి వారు నియమములు కల్పించిరి. మూడునెలల కాలములో నూటికి 30 వంతులు దూరమునుండి పనిచేయువానికి ఈ చట్టము వర్తించును. ఉభయులకును సమ్మతమైన ఒడంబడిక వ్రాతమూలముగా నుండవలెను, బలవంతము పనికిరాదు, పనిముట్లును, పనివలన గలుగు ఖర్చులును యజమానియే భరింపవలెను, పనివేళ దాటిన పిదప యంత్రమును కట్టివేయు హక్కు కార్మికునిది. ఇంటనుండి పనిచేయువారికి తక్కిన కార్మికులతో సమానత్వము నొసంగవలెనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒడంబడికను సైతము స్పెయిను 2022లో ఆమోదించెను. భారతదేశము దాని నింకను ఆమోదింపలేదు.

మనదేశమున యజమానుల సౌకర్యమునకై చేసిన సడలింపులు త్వరితముగానే వచ్చినవి. 2020 నవంబరులో టెలికాము శాఖవారు ఇంటనుండి పనిచేయించు కంపెనీలపై నున్న నిర్బంధములను తొలగించిరి. ప్రత్యేక ఆర్థిక మండలములలోని సంస్థలు సగమువరకు ఉద్యోగులను ఇంటినుండి పనిచేయించుకొనుటకు 2022 జూలైలో అనుమతి కలిగెను. ఇవి మంచివే. కార్మికుని వైపు చూచినచో, 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన నాలుగు కార్మికస్మృతులలో సాంఘిక భద్రతాస్మృతి ‘ఇంట పనిచేయు కార్మికు’డను మాటకు నిర్వచన మిచ్చినది. అతడును ఒక కార్మికుడే యని శాసనము గుర్తించుట సంతోషకరము. ఐనను అతనికి దక్కు మేలు ప్రభుత్వములు ముందు చేయబోవు పథకములపై ఆధారపడియున్నది. స్పెయినువాని వలె ఖర్చులకును, పనివేళకును స్పష్టమైన హామీ ఇందు లేదు. పేరు పెట్టిరి, పెరుగన్నము పెట్టలేదు.

స్పెయిను కథయంతయు తీపి కాదు. పరదేశపు జీతము తెచ్చుకొన్న బాటసారులు, విహారయాత్రికులు క్రిక్కిరియగా బార్సిలోనాలో ఇండ్ల అద్దెలు స్థానికుల కందకుండ పెరిగెను. 2024 జూలైలో పౌరులు వీథులకెక్కి, కాఫీ హోటళ్ల ముందు కూర్చున్న యాత్రికులపై నీటి తుపాకులతో నీరుచల్లి తమ కోపమును ప్రకటించిరి. యాత్రికుల కద్దెకిచ్చు 10,101 గృహముల అనుమతులను 2028 నవంబరు నాటికి ముగించెదమని ఆ నగర మేయరు ప్రకటింపవలసివచ్చెను. బయటి సంపాదన ఊరిలోనికి వచ్చినంతమాత్రమున ఊరు బాగుపడదు. ఊరివారు సంపాదించినపుడే బాగుపడును. మన ప్రభుత్వమువారు కట్టించు కార్యస్థలములు ఎక్కడివారో వచ్చి కూర్చుండి పోవు విశ్రాంతిమందిరములు కారాదు.

ఇంత చెప్పియు ఒక సత్యమును దాచుట తగదు. మిరపకాయలు కోయు చేతికి రేపే కంప్యూటరు మీటలు రావు. సుగ్గిబాటను తీగె యొక్కటియే ఆపజాలదు. దానికి కాలువలో నీరు కావలెను; ఊరిలో ఉపాధి హామీ పని సకాలమున జరిగి కూలి సకాలమున చేతికి రావలెను. తీగెమీది కొలువు ఈ పనులకు ప్రత్యామ్నాయమని యెవరైన తలంచినచో అది ఆత్మవంచన. కాని సుగ్గికి పోవు తల్లి కడుపున పుట్టిన బిడ్డ పదవతరగతి దాటి, ఆదోని కళాశాలలో పట్టము పొంది, మరల బెంగళూరు ప్రయాణము కట్టవలెనా? తల్లి గంపతోను, బిడ్డ పెట్టెతోను ఊరువిడుచుటయేనా విద్యాఫలము? ఈ రెండవతరమునకు తీగె ఉపయోగపడగలదు.

అందుకు మేము కోరునవి నాలుగు. మొదటిది: ఇంటనుండి పని యనునది ఊరినుండి పనిగా మారవలెను. చిన్న యిండ్లలో ఏకాంతమును వెదకుకొనుమని ఆడుబిడ్డలకు చెప్పుటకంటె, ఆదోనియందును, ఎమ్మిగనూరునందును, పెద్ద మండలకేంద్రములందును ఆగని కరెంటును, తీగెయును, బిడ్డలను చూచుకొను గదియును గల ఉమ్మడి కార్యశాలలు నెలకొల్పవలెను. రెండవది: శిక్షణ ఇంగ్లీషుతో ఆరంభమై ఇంగ్లీషుతో ఆగరాదు. ఈ సరిహద్దు పట్టణములలో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును ఇంటిభాషలే. దేశభాషలలో వ్యాపారము నడపు కంపెనీలకు ఈ సంపద విలువ తెలుపువారు కావలెను. మూడవది: ప్రోత్సాహకము పొందు ప్రతి సంస్థయు కార్మికునితో వ్రాతపూర్వక ఒడంబడిక చేసికొని, పనిముట్ల ఖర్చును, పనివేళను అందు పేర్కొనవలెనని ప్రభుత్వము షరతు విధింపవలెను. పార్లమెంటు చట్టము వచ్చువరకు కాచుకొనవలసిన పని లేదు. ప్రజల సొమ్ము నిచ్చుచేయి ఆ షరతు పెట్టజాలును. నాల్గవది: ఈ పనివారలు 1938 నాటి నేతగాండ్రవలె సహకార సంఘముగా నేర్పడుటకు ప్రభుత్వము తోడ్పడవలెను. విడివిడిగా ఇంట కూర్చున్న వేయిమంది బలము సున్న. సంఘముగా కూడిన నూరుగురు బేరమాడగలరు.

భూస్వాములకును, పట్టణపు వర్తకులకును మేము చేయు విన్నప మొకటి కలదు. కూలీలు దొరకుట లేదని వాపోవు పెద్దలు, వారి బిడ్డలు చదివి మిద్దెమీద కూర్చుండి సంపాదించినచో తమ పొలములు బీడుపడునని భయపడవచ్చును. ఆలోచించి చూడుడు. నాలుగునెలలు ఊరు ఖాళీయైన పిదప అంగడిలో బేరమెవరు చేయుదురు? పాఠశాలలో బల్లలకు దుమ్ము పట్టిన ఊరిలో నేల విలువ పెరుగునా? సంపాదించి ఊరిలోనే ఖర్చుపెట్టు పదికుటుంబములు, ఏటేట తాళము వేసికొనిపోవు నూరుకుటుంబములకంటె అంగడికిని, పొలమునకును మేలు చేయును. ఆదోనిలో మూతపడిన గిడ్డంగులు, ఖాళీమేడలు కొన్ని యున్నవి. వానిలో నొక్కటి నూరుమంది యువతీయువకుల కార్యశాలగా మార్చుటకు పూనుకొనువారు సోమప్పగారి త్రోవలో నడచినవారగుదురు.

మధ్యధరా తీరపు కాఫీ హోటలులో కూర్చున్నవాడు తనకు నచ్చినచోట నివసించు హక్కును సంపాదించుకొన్నాడు. మన కోసిగి కూలికి కడలిగాలి యక్కరలేదు. తాను పుట్టిన యూరిలో, తన బిడ్డ బడిమాననవసరము లేక, పండ్రెండునెలలును నివసించు హక్కు చాలును. అది యంతకంటె చిన్నకోరిక. అంతకంటె న్యాయమైన కోరిక. ‘మండలము’ అను మాటను పలికిన ప్రభుత్వము దానిని ముందుగా పడమటి మండలములలో నిజము చేసి చూపవలెను.